నాగలికి లొంగని చోటే మిగిలిన గడ్డి

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం తూర్పు సగంలో, ఉత్తరం నుంచి దక్షిణానికి పరుచుకున్న తక్కువ ఎత్తు గుట్టల వరసను ఫ్లింట్ హిల్స్ అంటారు. ఆ వరస దక్షిణాన ఓక్లహోమాలోని ఓసేజ్ కౌంటీ దాకా సాగుతుంది. ఒకప్పుడు ఉత్తర అమెరికా మధ్యభాగంలో దాదాపు 17 కోట్ల ఎకరాలు ఆక్రమించిన ఎత్తుగడ్డి ప్రెయిరీలో (ప్రెయిరీ అంటే చెట్లు లేని గడ్డి మైదానం) ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు వంతులే. అందులోనూ సింహభాగం ఈ రాతి గుట్టల మీదే ఉంది. ఇక్కడి నేలను ఏలుతున్నది బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి. నేటి పటం ఒక్కటే చూసినవాళ్లకు ఈ గడ్డికి రాళ్ల నేలంటే ఇష్టం కాబోలు అనిపిస్తుంది. నిజానికి దానికి బాగా నచ్చిన నేలలు ఇక్కడికి తూర్పున, ఇల్లినాయి, అయోవా రాష్ట్రాల్లో ఉండేవి. అవన్నీ దున్నేశారు. దున్నడం కుదరని చోట అది మిగిలిపోయింది. బిగ్ బ్లూస్టెమ్ ఎక్కడ పెరుగుతుందో తెలియాలంటే వానల లెక్కతోపాటు నాగలి లెక్క కూడా చూడాలి.

దీని శాస్త్రీయ నామం ఆండ్రోపోగాన్ జెరార్డై. ఏళ్ల తరబడి బతికే దుబ్బు గడ్డి. ఎండ ముదిరితే తప్ప కదలదు. ఏప్రిల్ చివర్లో మొలకలు వేసి, మే, జూన్ నెలల్లో ఆకులు పరిచి, జులై దాటాక గానీ కంకి కాండం పైకి తీయదు. లోతైన మట్టి, మంచి తేమ ఉన్న చోట ఆరు నుంచి ఎనిమిది అడుగులు పెరుగుతుంది. ఫ్లింట్ హిల్స్ గుట్టల నెత్తి మీద, పలచని మట్టిలో, అందులో సగం కూడా ఎదగదు. కాండం మొదట్లో నీలం పొడలు, దాని మీద చేత్తో తుడిస్తే పోయే తెల్లటి పూత ఉంటాయి. పేరులోని నీలం అదే. సెప్టెంబరు వచ్చేసరికి మొక్క మొత్తం రాగి రంగుకు తిరుగుతుంది. చిటారున కంకి సాధారణంగా మూడు పాయలుగా చీలి కోడి కాలిని తలకిందులుగా పట్టుకున్నట్టు ఉంటుంది. రైతులు దీన్ని గుర్తుపట్టేది ఆ మూడు పాయలతోనే.

ఆ పాయను దగ్గరగా చూస్తే గింజ భాగాలు జంటలు జంటలుగా కనిపిస్తాయి. ప్రతి జంటలో ఒకటి కాడ లేకుండా అంటుకుని ఉంటుంది, గింజ కట్టేది అదే. దానికి వంకర తిరిగిన సన్నటి ముల్లు ఉంటుంది. రెండోది చిన్న కాడ మీద నిలబడి ఉంటుంది, దానికి గింజ రాదు. జొన్న కంకిని విప్పి చూసిన తెలుగు రైతుకు ఈ అమరిక కొత్త కాదు, అక్కడా ఇదే జంట. కారణం, రెండూ ఒకే తెగవి. జొన్న, చెరకు, మొక్కజొన్న, వట్టివేరు, నిమ్మగడ్డి అన్నీ ఆండ్రోపోగానే అనే ఆ తెగలోకే వస్తాయి. మండే ఎండలో తక్కువ నీటితో, తక్కువ నత్రజనితో ఎక్కువ పిండిపదార్థం తయారుచేసుకునే సీ4 కిరణజన్య సంయోగక్రియ ఈ తెగ మొత్తానికీ ఉన్న ఆస్తి. ఆ తర్వాత జరిగిన కథకు ఈ చుట్టరికం ఒక విడ్డూరాన్ని జోడించింది. బిగ్ బ్లూస్టెమ్‌ను పెకలించి ఆ నేలలో వేసింది ప్రధానంగా మొక్కజొన్నే. భూమి దాయాది చేతికి పోయిందన్నమాట.

నేల పైన కనిపించేదానికన్నా నేల కింద ఉన్నదే ఈ గడ్డికి ముఖ్యం. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో జాన్ వీవర్ అనే వృక్షశాస్త్రవేత్త గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో మనిషి దిగేంత లోతైన కందకాలు తవ్వించి, గోడ పక్కన నిలబడి, చిన్న పనిముట్టుతో మట్టి రాల్చుతూ ప్రెయిరీ మొక్కల వేళ్లను ఒక్కొక్కటిగా బయటికి తీసి బొమ్మలు గీశాడు. బిగ్ బ్లూస్టెమ్ వేళ్లు ఏడడుగులు దాటి, కొన్నిచోట్ల పది అడుగుల దాకా దిగాయి. పై అడుగున్నరలో వేళ్ల అల్లిక ఎంత బిగువుగా ఉంటుందంటే మట్టిని పలకలుగా కోసి ఇల్లు కట్టుకోవచ్చు. కలప దొరకని నెబ్రాస్కా, కాన్సాస్‌లలో తొలితరం వలస కుటుంబాలు కట్టుకున్న ఇళ్లు అలాంటివే. ఆ వేళ్లకు మైకోరైజా శిలీంధ్రాలు అంటుకుని భాస్వరం అందిస్తాయి. వాటి మీద ఈ గడ్డి ఎంతగా ఆధారపడుతుందంటే, అవి లేని మట్టిలో పెంచితే గిడసబారిపోతుంది.

వేళ్లకు పైన, మట్టిలో అంగుళం రెండంగుళాల లోతున, అడ్డంగా పాకే పొట్టి కాండాలు ఉంటాయి. వచ్చే ఏటి పిలకల మొగ్గలు వాటి మీదే నిద్రపోతుంటాయి. పాత ప్రెయిరీలో ఏటా లేచే పిలకల్లో దాదాపు అన్నీ ఆ మొగ్గల నుంచి వచ్చినవే, గింజ మొలిచి కొత్త మొక్క నిలదొక్కుకోవడం బహు అరుదు. పశువు మేసినా, మంచు పడినా, మంట అంటుకున్నా పోయేది పై భాగమే. ఏ దెబ్బకైనా తట్టుకునే ఈ గడ్డి ఒక్క నాగలికి మాత్రం నిలవలేకపోయిందంటే కారణం ఇదే. కర్రు దిగేది సరిగ్గా ఆ మొగ్గలున్న లోతుకే. ఒకసారి తిరగేస్తే పెట్టుబడి అంతా తల్లకిందులవుతుంది. మళ్లీ గింజ నుంచి మొదలుపెట్టడం దాని అలవాటు కాదు.

ఇక వానల లెక్క. కెనడాలోని మానిటోబా నుంచి మెక్సికో దాకా, రాకీ పర్వతాల పాదాల నుంచి అట్లాంటిక్ తీరం దాకా ఈ గడ్డి ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. కానీ కనిపించడం వేరు, రాజ్యం చేయడం వేరు. పసిఫిక్ నుంచి వచ్చే తడిగాలిని రాకీ పర్వతాలు అడ్డుకుంటాయి కాబట్టి వాటి తూర్పున ఉన్న మైదానం పొడి. తూర్పుకు వచ్చేకొద్దీ మెక్సికో సింధుశాఖ తేమ అందుతూ వాన పెరుగుతుంది. కొలరాడో పక్కన జానెడు ఎత్తు మించని గ్రామా గడ్డి, బఫెలో గడ్డి ఉంటాయి. మధ్యలో మోకాలెత్తు గడ్డి. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడే తూర్పు కాన్సాస్‌కు వచ్చేసరికి బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్, స్విచ్ గ్రాస్ తలెత్తుతాయి. ఇంకా తూర్పుకు పోతే అడవికి సరిపడా వాన ఉంది. అక్కడ గడ్డి నిలిచిందంటే వానకు తోడు నిప్పు ఉండబట్టే.

ఈ గడ్డి రకాల మధ్య గీతలు కదలకుండా ఉండేవి కావు. 1930ల మహా కరవులో వీవర్ తన పాత పరిశీలన స్థలాలకే మళ్లీ మళ్లీ వెళ్లి చూశాడు. వేళ్లు అంత లోతుకు పోని లిటిల్ బ్లూస్టెమ్ ఎకరాలకు ఎకరాలు చచ్చిపోయింది. బిగ్ బ్లూస్టెమ్ పల్లపు తావులకు తగ్గింది. పడమటి పొట్టి, మధ్యరకం గడ్డి జాతులు వంద మైళ్లకు పైగా తూర్పుకు జరిగి ఆ ఖాళీలు నింపాయి. వానలు తిరిగి వచ్చాక, 1940లూ 50లలో, ఎత్తుగడ్డి మెల్లగా తన చోట్లు వెనక్కి తీసుకుంది. అలా తీసుకోగలిగింది నేల దున్నకుండా ఉన్న చోట మాత్రమే.

దున్నిన చోటి సంగతికొస్తే ఇల్లినాయిని మించిన ఉదాహరణ లేదు. ఆ రాష్ట్రం మారుపేరే ‘ప్రెయిరీ స్టేట్’. 1989లో అక్కడి శాసనసభ బిగ్ బ్లూస్టెమ్‌ను రాష్ట్ర ప్రెయిరీ గడ్డిగా ప్రకటించింది. అప్పటికి ఆ గడ్డి నేలల్లో చెడకుండా మిగిలినవి దాదాపు లేవు. సుమారు 2.2 కోట్ల ఎకరాల ప్రెయిరీలో నాణ్యంగా మిగిలింది రెండున్నర వేల ఎకరాల లోపే. మొదట్లో తూర్పు తీరం నుంచి వచ్చిన రైతులకు ఈ నేల కొరకరాని కొయ్య అయ్యింది. పోత ఇనుప నాగళ్లకు జిగట మట్టి అతుక్కుని నాలుగు అడుగులకోసారి ఆగి గీకాల్సి వచ్చేది. 1837లో గ్రాండ్ డిటూర్ అనే ఊళ్లో జాన్ డీర్ అనే కమ్మరి విరిగిన రంపం ఉక్కుతో నున్నటి నాగలి చేశాడు. మట్టి దానంతటదే జారిపోయింది. నీరు నిలిచే పల్లాల్లో తర్వాతి దశాబ్దాల్లో కాల్చిన మట్టి గొట్టాలు పాతి నీటిని కాలువల్లోకి తోడేశారు. అంతే, రెండు తరాల్లో పని పూర్తయింది.

అక్కడి నల్లమట్టి, మన నల్లరేగడి ఒకటేననుకునే పొరపాటు తెలుగు పాఠకులకు సహజం. రంగు ఒకటే గానీ పుట్టుక వేరు. మన దక్కను రేగడి ప్రధానంగా లావా రాయి అరిగి ఏర్పడిన బంకమట్టి. అందులో సేంద్రియ పదార్థం తక్కువే, నలుపుకు కారణం ఎక్కువగా ఖనిజాల అమరిక. ఇల్లినాయి, అయోవాల నలుపు వేల ఏళ్లపాటు పుట్టి చచ్చిన గడ్డివేళ్లది. మొక్కజొన్న దిగుబడుల్లో ప్రపంచం చెప్పుకునే ‘కార్న్ బెల్ట్’ ఈ గడ్డి కూడబెట్టిన నిల్వ మీద కూర్చుంది. దున్నడం మొదలైన నాటి నుంచి ఆ నిల్వ తరిగిపోతూనే ఉంది.

ఇల్లినాయిలో మిగిలిన ముక్కలు ఎక్కడున్నాయో చూస్తే దీని చరిత్ర మొత్తం అర్థమవుతుంది. రైలు పట్టాల పక్క కంచె లోపలి సన్నటి పట్టీలు. తొలితరం వలసవాళ్ల శ్మశానాలు. మెక్లీన్ కౌంటీలోని వెస్టన్ శ్మశానం ఐదెకరాలు. చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న, సోయాబీన్. మధ్యలో సమాధి రాళ్ల నడుమ ఏ నాగలీ తగలని మట్టి, దాని మీద బిగ్ బ్లూస్టెమ్. రైతులు అక్కడ నాగలి పెట్టకపోవడానికి గడ్డి మీద ప్రేమ కారణం కాదు. చనిపోయిన వాళ్లున్న చోటు కాబట్టి వదిలేశారు.

ఫ్లింట్ హిల్స్‌లో ఆ పని రాయి చేసింది. అక్కడి గుట్టలు పాతకాలపు సముద్రాలు వదిలిపోయిన సున్నపురాయి పొరలు. ఆ పొరల మధ్య చెకుముకి రాయి పలకలు ఉంటాయి. సున్నపురాయి వానకు కరుగుతుంది, చెకుముకి కరగదు. కాబట్టి లక్షల ఏళ్లుగా నేల పైన చెకుముకి ముక్కలు పోగుపడుతూ వచ్చాయి. 1806లో ఈ దారిన పోయిన సైనికాధికారి జెబులాన్ పైక్ దినచర్యలో వీటిని చాలా కరుకైన ఫ్లింట్ (చెకుముకి) గుట్టలని రాసుకున్నాడు, ఆ పేరే స్థిరపడింది. వాగుల పక్కన లోతు మట్టి ఉన్న పల్లాలను రైతులు దున్నారు. గుట్ట వాలు ఎక్కగానే కర్రు రాతికి తగిలింది. గడ్డి వేళ్లకు మాత్రం సున్నపురాయి పగుళ్లే దారి, వాటిలోంచి దిగి అడుగున నిలిచిన తేమ అందుకుంటాయి.

దున్నలేని నేలకు వేరే గిరాకీ దొరికింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టెక్సస్ నుంచి బక్కచిక్కిన పశువులను రైళ్లలో దింపి, ఈ వేసవి గడ్డి మీద బలిపించి, కాన్సాస్ సిటీ, షికాగో సంతలకు పంపడం మొదలైంది. ఇప్పటికీ ఇక్కడి ఆదాయం అదే. మే, జూన్ నెలల్లో బిగ్ బ్లూస్టెమ్‌లో మాంసకృత్తులు దండిగా ఉంటాయి, ఆగస్టుకు కాండం ముదిరి మేతలో సారం పోతుంది. అందుకే చాలామంది మామూలుకు రెట్టింపు పశువులను సీజన్ మొదటి సగంలో తోలి, జులై మధ్యకల్లా ఖాళీ చేస్తారు. మిగిలిన సగంలో గడ్డి కోలుకుంటుంది.

ఇంతవరకు వాన, రాయి, నాగలి. నాలుగోది నిప్పు, ఇది అన్నిటికన్నా తికమక పెట్టేది. ఏటా ఏప్రిల్‌లో ఫ్లింట్ హిల్స్ రైతులు మేతభూములకు నిప్పు పెడతారు. ఎండిన నిరుటి గడ్డి మీదుగా మంట గాలివాటున గుట్ట దాటిపోతుంది. వెనక నల్లటి నేల, అందులో తెల్లగా మెరిసే సున్నపురాళ్లు మిగులుతాయి. నీడ పోయిన ఆ నల్ల నేల ఎండకు త్వరగా వేడెక్కుతుంది, మట్టిలోని మొగ్గలు లేస్తాయి. పది రోజులు తిరక్కుండా గుట్ట పచ్చబడుతుంది. ఈ పద్ధతి పశువుల కాపర్లు కనిపెట్టింది కాదు. పిడుగులతోపాటు కాన్జా, ఓసేజ్ అనే స్థానిక జాతుల ప్రజలు అంతకు ముందు వందల ఏళ్లుగా ఇక్కడ గడ్డి తగలబెడుతూ వచ్చారు. లేత గడ్డికి బైసన్ (అమెరికా అడవిదున్న) మందలు వస్తాయని వాళ్లకు తెలుసు. కాన్జా ప్రజలను 1873లో ఓక్లహోమాకు తరలించారు. వాళ్ల నేల పోయినా నిప్పు పెట్టే అలవాటు మాత్రం వచ్చినవాళ్లకు అబ్బింది.

నిప్పు ఆపేస్తే ఏమవుతుంది? మన్‌హటన్ అనే కాన్సాస్ పట్టణం పక్కన, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ నడిపే కోంజా ప్రెయిరీ పరిశోధన కేంద్రం ఈ ప్రశ్నకోసమే పుట్టిందనవచ్చు. 1971లో మొదలై, నేడు సుమారు 8,600 ఎకరాలకు పెరిగిన ఆ నేలను వాగుల పరీవాహకాల వారీగా విడదీసి, కొన్నింటిని ఏటా, కొన్నింటిని రెండేళ్లకు, నాలుగేళ్లకు, ఇరవై ఏళ్లకు ఒకసారి కాలుస్తారు. ఏటా కాల్చిన వాలు మీద బిగ్ బ్లూస్టెమ్ ఏకఛత్రాధిపత్యం. నాలుగేళ్లకోసారి కాల్చిన చోట డాగ్‌వుడ్ పొదలు గుంపులు కట్టాయి. ఇరవై ఏళ్ల ముక్కల్లో ఎర్ర జునిపెర్ చెట్లు పెరిగి కొన్నిచోట్ల అడవే అయ్యింది, వాటి నీడలో గడ్డి లేదు. మూడేళ్లకన్నా ఎడం ఇస్తే ఈ వానలో ప్రెయిరీ నిలవదన్నది ఆ కేంద్రం తేల్చిన విషయం. ఇది సహజంగా దానంతటదే ఉండే నేల కాదు, ఎవరో ఒకరు పనిగట్టుకుని నిలబెట్టాల్సిన నేల.

అయితే గడ్డికి మంచిదైన ప్రతిదీ ప్రెయిరీకి మంచిది కాదు. ఏటా, అన్నిచోట్లా కాల్చితే పూల మొక్కలు తగ్గుతాయి. గ్రేటర్ ప్రెయిరీ చికెన్ అనే నేలకోడికి గూడు పెట్టుకోవడానికి నిరుటి గడ్డి చాటు దొరకదు. పొగ గాలివాటున కాన్సాస్ సిటీ దాకా పోయి అక్కడి ఓజోన్ పరిమితులు దాటించడంతో 2010లో రాష్ట్రం పొగ నియంత్రణ ప్రణాళిక తేవాల్సి వచ్చింది. భూమిని మూడు ముక్కలు చేసి ఏటా ఒకటే కాల్చమని పరిశోధకులు చెబుతున్నారు. పశువు కాలిన ముక్క మీదే మేస్తుంది, మిగతా రెండు చాటుగా ఎదుగుతాయి. మాట సబబైనదే. కానీ రైతులు అంత తొందరగా ఒప్పుకోవడం లేదు. కంచె పొడుగునా కాలిన ముక్కకు, కాలని ముక్కకు మధ్య హద్దు కాచుకోవడం అదనపు మనుషులు కావాల్సిన పని.

బైసన్ విషయంలో లెక్క ఇంకా స్పష్టం. కోంజాలో 1987లో వాటిని తిరిగి వదిలారు. దాదాపు మూడు దశాబ్దాల కొలతలను 2022లో ప్రచురించారు. బైసన్ ఏడాది పొడవునా తిరిగిన చోట స్థానిక మొక్కల రకాలు రెట్టింపయ్యాయి. వేసవిలో ఆవులు మేసిన చోట పెరుగుదల అంతకన్నా బాగా తక్కువ. బైసన్‌కు గడ్డే ప్రాణం. బిగ్ బ్లూస్టెమ్‌ను కొరికి అణచి ఉంచితే ఆ సందుల్లో పూల మొక్కలకు వెలుతురు దొరుకుతుంది. ఎత్తుగడ్డి ప్రెయిరీలో అన్ని రకాలూ బతకాలంటే దాని రాజును ఎవరో ఒకరు మేస్తూ ఉండాలన్నమాట.

ఇన్ని లెక్కల మధ్య, నేటి అసలు శత్రువు నాగలి కాదు, చెట్టు. చెట్టంటే మంచిదనే నమ్మకం ప్రెయిరీ మీదే పుట్టి పెరిగింది. చెట్లు నాటే ‘ఆర్బర్ డే’ మొదట జరిగింది 1872 ఏప్రిల్ 10న, గడ్డి నేలైన నెబ్రాస్కాలోనే. ఆ తర్వాత గాలికి అడ్డుగా ప్రభుత్వాలే జునిపెర్ నాటించాయి. పక్షులు వాటి కాయలు తిని గింజలు చల్లాయి. నిప్పు మానిన ప్రతి నేలా ఇప్పుడు వాటి వశమవుతోంది. ఈ భ్రమ అమెరికాకే పరిమితం కాదు. మన దగ్గరా గడ్డి నేల రికార్డుల్లో చాలాసార్లు ‘బంజరు’ కిందే పడుతుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు లాంటి చోట కాపాడాల్సింది చెట్లు లేని ఆ ఖాళీనే. చెట్టు లేదు కదా అని నాటడం, సర్కారు తుమ్మ దానంతటదే కమ్ముకుంటే పచ్చదనంలే అని ఊరుకోవడం, రెండూ గడ్డి నేలను పోగొట్టుకునే దారులే. రెండు నేలల వానా మట్టీ వేరు. అధికారుల చూపు మాత్రం ఒకటే.

కోల్పోయిన చోట్ల తిరిగి నాటే పని 1930ల నుంచీ ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మాడిసన్‌లో వదిలేసిన పొలంలో మొదలుపెట్టిన కర్టిస్ ప్రెయిరీ వీటిలో మొదటిది. షికాగో శివార్లలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నేపర్‌విల్, అరోరాల చుట్టుపక్కల ఇవి చాలా ఉన్నాయి. అరోరా వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లకు కాస్త దూరంలోనే ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ కణ త్వరణ యంత్రం గుండ్రటి కట్ట లోపల 1970లలో రాబర్ట్ బెట్జ్ అనే జీవశాస్త్ర ఆచార్యుడు రైలు పట్టాల పక్క, శ్మశానాల్లో ఏరుకొచ్చిన గింజలతో ప్రెయిరీ వేయించాడు. ఆగస్టు చివర్లో అక్కడ నడిస్తే బిగ్ బ్లూస్టెమ్ తల మించి ఉంటుంది. జోలియెట్ దగ్గర పాత ఆయుధ కర్మాగారం స్థలంలో 1996లో ఏర్పాటైన మిడేవిన్ ఇంకా పెద్ద ప్రయత్నం. అయితే నాటినది పాతదానితో సాటి రాదు. బిగ్ బ్లూస్టెమ్ గింజ చవక, మొలిస్తే త్వరగా కమ్ముకుంటుంది. ఆ చవకకు ఆశపడి ఎక్కువ చల్లినవాళ్లకు ఐదారేళ్లలో పూల మొక్కలు లేని ఒంటి గడ్డి చేను మిగిలింది. అనుభవజ్ఞులు ఇప్పుడు ఈ గింజ పాలు బాగా తగ్గించి చల్లుతున్నారు.

ఎక్కడి గింజ చల్లాలన్నది ఇంకో తగువు. కాన్సాస్ స్టేట్ పరిశోధకులు మధ్య కాన్సాస్, తూర్పు కాన్సాస్, దక్షిణ ఇల్లినాయి గింజలను పడమట కాన్సాస్‌లోని కోల్బీ నుంచి తూర్పున ఇల్లినాయిలోని కార్బన్‌డేల్ దాకా వేర్వేరు తోటల్లో ఒకేసారి నాటించారు. పడమటి మొక్క తూర్పు వానలో పెంచినా పొట్టిగా, సన్నని ఆకులతోనే పెరిగింది. తూర్పు మొక్క కోల్బీ పొడికి నిలదొక్కుకోలేకపోయింది. ఒకే పేరున్న గడ్డిలో వందల మైళ్ల తేడా రక్తంలోనే ఉందని తేలింది. దగ్గరి గింజే వాడాలనే పాత నియమానికి ఇది బలం. కానీ ఎండలు ముదురుతున్న కొద్దీ, ఇల్లినాయిలో నాటే గింజలో కాన్సాస్ గింజ కొంత కలిపి ఉంచితే రేపటి కరవుకు పనికొస్తుందని వాదించేవాళ్లకూ ఇదే ప్రయోగం ఆధారం. గింజలమ్మే సంస్థల సంచుల మీద ఇప్పుడు ఏ కౌంటీ నుంచి ఏరినదో కూడా రాయాలని కొనేవాళ్లు అడుగుతున్నది అందుకే.